వైసు లేని షెడ్డు

ఇంట్లో మెకానిక్ షెడ్డు పెట్టుకునేవాళ్ళు మొదట ఏ సామాను కొనాలో నన్నెవరూ అడగలేదు. అడిగితే ఒక్క మాట చెప్పేదాన్ని. ముందు వైసు కొనండి, ఆ తర్వాత పెళ్ళి చేసుకోండి. మా ఇంట్లో ఇది తిరగబడింది. పెళ్ళి ముందయింది, షెడ్డు తర్వాత వచ్చింది, వైసు చాలా ఏళ్ళకు గాని రాలేదు. ఆ మధ్యకాలమంతా వైసు చేయవలసిన పని నేను చేశాను.

వైసంటే తెలియనివాళ్ళుంటారు. అది బల్ల అంచుకు బోల్టులతో బిగించే బరువైన ఇనుప సామాను. దానికి రెండు దవడలుంటాయి. పిడి తిప్పితే ఆ దవడలు దగ్గరికొచ్చి, మధ్యలో పెట్టిన ముక్కను కరచి పట్టుకుంటాయి. ఇక ఆకురాయితో రాయండి, రంపంతో కోయండి, ఉలి పెట్టి కొట్టండి, ముక్క కదలదు. మెకానిక్‌కు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అది లేని చోట ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ఆ ముక్కను పట్టుకోవాలి. దానికీ నాకూ ఉన్న తేడా ఏమిటంటే, దానికి దవడలున్నా అది మాట్లాడదు.

మా ఆయన మొదట్లో మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఇంజన్ ఫిట్టరు. నేనూ, మా అత్తా, ఇద్దరు పిల్లలూ కోదాడలో ఉండేవాళ్ళం. ఆయన పదిహేను రోజులకోసారి వచ్చి, వచ్చిన పూటంతా నిద్రపోయి, మర్నాడు మళ్ళీ బస్సెక్కేవాడు. చిన్నపిల్ల ఆయన్ను చూసి నా కొంగు చాటుకు పోయేది. ఒకసారి ఆయన ముందే నన్ను అడిగింది, "గీయన ఎప్పుడు పోతడే" అని. ఆయన మొహం చిన్నబోయింది. మర్నాడు బస్సుకు వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ఇగ మిల్లు పని బంద్ జేస్త. ఇంటికాడ్నే షెడ్డేస్త. చుట్టుముట్టు ఊర్లల్ల ఇన్ని ఆయిలింజన్లున్నయ్, బాగుజేసెటోడు ఒక్కడు లేడు."

నేను సంబరపడ్డాను. దాయడమెందుకు, చాలా సంబరపడ్డాను. మనిషి కళ్ళ ముందుంటాడు, పిల్లలు నాయనను నాయనలా చూస్తారు, నాకూ ఒక మాట చెప్పుకోవడానికి తోడు దొరుకుతుందనుకున్నాను. కొరివితో తల గోక్కుంటున్నానని అప్పుడు తెలియదు.

మామ పోయిన తర్వాత ఎడ్లను అమ్మేశాం. పొలం కౌలుకిచ్చాం. ఇంటి వెనక కొట్టం ఖాళీగా ఉండేది. గుంజలు గట్టివే, మీద తాటాకు మార్పించి, నేల మట్టం చేసి, దాన్నే షెడ్డు చేశాడు. పాత ఎడ్ల గాటి దగ్గర, ఇనుము పెట్టి కొట్టడానికి ఒక తుమ్మ మొద్దు పాతాడు. ఒక పాత తలుపు రెక్కకు కాళ్ళు కొట్టించి బల్ల అన్నాడు. మిల్లు వదిలేటప్పుడు ఆయన వెంట వచ్చిన సామాను కొన్ని పానాలు, ఒక సుత్తి, మరలు తిప్పే ఒక పేచ్‌కస్, అరిగిపోయిన ఆకురాయి. సుత్తి, బోల్టులు తిప్పే పానా, ఈ రెండింటి పేర్లే అప్పటికి నాకు తెలుసు. మా పుట్టింట్లో సైకిలు కూడా లేదు.

అప్పటికింకా సాగర్ కాలువ మా దిక్కు పారలేదు. సేద్యమంతా బావుల మీదే. అనంతగిరి నుంచీ, గరిడేపల్లి నుంచీ రైతులు ఎడ్లబండి మీద ఇంజన్ ఎక్కించుకుని వచ్చి మా ఇంటి ముందు దించేవాళ్ళు. పొలం ఎండుతుంటే వాళ్ళకు నిలవబుద్ధి కాదు. ఆయనకు ఒంటి చేత్తో పని సాగదు. నట్టు ఇటుపక్క తిప్పితే బోల్టు తల అటుపక్క తిరుగుతుంది. అటుపక్క ఇంకో పానా వేసి పట్టుకునే మనిషి కావాలి. మొదటి రోజే వంటింట్లోకి కేక వినబడింది.

"ఏమే, జర వచ్చి గిది పట్టు."

ఆ 'జర' అన్న మాటను నమ్మి వెళ్ళాను.

పట్టుకోవడం చూడటానికి పనిలా కనబడదు. తిప్పేవాడిది పని, కొట్టేవాడిది పని. పట్టుకున్నవాళ్ళు ఊరికే కూర్చున్నట్టే లెక్క. కాని కొట్టిన దెబ్బ సగం ఇనుముకు పోతే సగం పట్టుకున్న చేతికి వస్తుంది. పట్టుకారుతో ముక్కను తుమ్మ మొద్దు మీద అదిమి పట్టుకుంటే ఆయన ఉలి పెట్టి కొట్టేవాడు. ఆకురాయితో రాస్తే ఆ అదురు మోచేతి దాకా పాకేది. పైపు కోయాలంటే ఒక కొస మీద నన్ను కూర్చోమనేవాడు. నేను పైపు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునేదాన్ని. వచ్చిన రైతులు నవ్వుకునేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. మొదట్లో అది నవ్వులాటే.

సామాను కొనడానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. దసరాకు ఒక సామాను. ఎంత అవసరమైనా మధ్యలో కొనడు. పండుగ ముందు కొని, ఆయుధ పూజనాడు పాత సామాన్లన్నిటితో పాటు కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, అప్పుడు పనిలోకి దించుతాడు. అలా దిగిన సామాను చేతికి లొంగుతుందని ఆయన నమ్మకం. మా పుట్టిల్లు సూర్యాపేట. అక్కడి బజారులో పెద్ద ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. బతుకమ్మకు నేను పుట్టింటికి పోయినప్పుడు ఆయన వచ్చి నన్ను వెంటబెట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళేవాడు. కొన్న సామాను మోసేందుకు ఇంకో చెయ్యి ఉండాలి కదా.

సామాను ఎంచడం ఆయనకు పెళ్ళిచూపులతో సమానం. నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఇంతసేపు చూడలేదు. ఉలిని వేలితో వేలాడదీసి ఇంకో ఇనుముతో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. మోత పొడుగ్గా సాగితే మంచి ఉక్కు, టక్కుమని ఆగితే పగులున్నట్టు. పానా నోటిని వెలుగుకు పట్టి చూసేవాడు. ఆకురాయిని గోటి మీద రాసుకునేవాడు. సుత్తి అయితే పిడి పట్టి ఊపి, కళ్ళు మూసుకుని మళ్ళీ ఊపేవాడు. దుకాణదారు విసుక్కోకుండా మాకు చాయ్ తెప్పించేవాడు. ఒక దసరాకు నేను ఆ చాయ్ తాగుతూ గల్లా పక్కన బల్లకు బిగించి ఉన్న వైసును చూశాను. పిడి పట్టుకుని తిప్పాను. దవడలు నున్నగా జరిగి ఒకదానికొకటి తాకాయి. మధ్యలో నా కొంగు కొస పెట్టి బిగించి లాగి చూశాను. రాలేదు. ఇది నా పని చేసే సామాను అని అప్పుడే అర్థమైంది.

"గిది తీస్కుందామయ్యా" అన్నాను.

ఆయన దానివైపు చూడను కూడా చూడలేదు. "వైసుకేం తొందర? ఇంజన్ లేపెటానికి చైన్ కప్పీ గావాలె. నలుగుర్ని పిలిస్తె తప్ప ఇంజన్ బండి మీదికెక్కుతలేదు. నువ్వు లేపుతవా ఇంజన్ను?"

లేపలేను.

"మరి పట్టుడు నీతోని అయితున్నది గద. మన చేతులతోని కాని పనికి సామాను గొనాలె. అయ్యే పనికి ఎందుకు?"

ఈ మాటలో తప్పు పట్టడానికి నాకు సందు దొరకలేదు. ఇప్పటికీ దొరకదు. లెక్క సరిగ్గానే ఉంది. ఆ లెక్కలో నా చేతులు ఆయన చేతుల్లో జమ అయిపోయాయి, అదొక్కటే నొప్పి. ఆ ఏడు చైన్ కప్పీ వచ్చింది. దాన్ని ఆయన పాత మిల్లువాళ్ళ దగ్గరే, మిర్యాలగూడ నుంచి తెచ్చాడు. మంచి సామానే. దూలానికి వేలాడదీసి గొలుసు లాగితే ఇంజన్ పిల్లిపిల్లలా పైకి లేచేది. ఊళ్ళో వాళ్ళు దాన్ని చూడటానికి వచ్చారు.

తర్వాతి దసరాలకూ ఇదే తంతు. ఒక ఏడు పుల్లీలు పెరికే పుల్లర్. ఇంకో ఏడు మర కోసే ట్యాపులు. నేను ప్రతిసారీ వైసు అన్నాను. ఆయన ప్రతిసారీ ఒప్పుకునేవాడు, వచ్చే దసరాకు చూద్దామనేవాడు. చూద్దామన్న మాటకు మించిన వాయిదా మన భాషలో లేదు.

నాకు ఊపిరాడింది మా అత్త వల్ల. మా అత్త గరిడేపల్లి ఆడపడుచు, నోరున్న మనిషి. మొదటి ఆయుధ పూజ అయిన మర్నాడే ఆవిడ తీర్పు చెప్పింది. అమ్మవారి ముందు పెట్టి కుంకుమ అద్దిన ఇనుము గనక, నెలకు ఆ మూడు రోజులు నేను దాన్ని ముట్టుకోగూడదు. షెడ్డు గడప కూడా తొక్కగూడదు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో పచ్చడి జాడీ ముట్టకపోవడం, కళ్ళంలో ధాన్యం రాశి దగ్గరికి పోకపోవడం ఉన్నదే. ఆ వరుసలో పానాలు కూడా చేరాయి. అరుగు మీద చాప వేసుకుని పడుకునేదాన్ని. వంట అత్త చేసేది. అన్నం తెచ్చి పెట్టేది. షెడ్డులో నుంచి అలవాటు కొద్దీ "ఏమే" అని కేక వస్తే, అత్త వాకిట్లో నుంచే జవాబు చెప్పేది, "ఆమె బయటున్నది, పిలువకు."

ఆ మూడు రోజులు ఆయన పడ్డ పాట్లు చూడవలసిందే. వచ్చిన రైతులను పట్టుకోమనేవాడు. అరక పట్టిన చేతులకు పానా పట్టు చిక్కేది కాదు. జారిపోయేది, ఆయన విసుక్కునేవాడు, రైతు చిన్నబుచ్చుకునేవాడు. చివరికి ఆ మూడు రోజులకని ఇంజన్ ముక్కలు కిరసనాయిల్లో కడిగే పని దాచిపెట్టుకోవడం మొదలుపెట్టాడు. "వైసుంటె గీ పరేషాన్ ఉండకపోవు గద" అని నేను అరుగు మీద నుంచి అన్నాను. ఆయన వినిపించుకోలేదు. నేనూ మళ్ళీ అనలేదు. నిద్ర వస్తుంటే అటు తిరిగి పడుకున్నాను.

ఇంతలో కాలువ నీళ్ళు వచ్చాయి. బావుల మీద ఇంజన్లు మూలబడటం మొదలైంది. వరి పెరిగింది, మిల్లులు పెరిగాయి, ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాయి. అక్కడ ఆయన లెక్క ఒకటి తప్పింది. నీళ్ళు రావడానికి ముందు దసరాకే ఆయన ఎంతో మురిసిపోయి రింగు పానాల సెట్టు కొన్నాడు. అంగుళాలవి. పాత ఇంజన్లన్నీ అంగుళాల కొలతవే, అంగుళంలో ఎనిమిదో వంతైన సూత్‌ల లెక్కన ఆయనకు కళ్ళు మూసుకున్నా పానా దొరికేది. వచ్చిన ట్రాక్టర్లేమో మిల్లీమీటర్ల బోల్టులవి. అంగుళాల పానా వాటికి వదులయినా కావాలి, పట్టకుండానైనా పోవాలి. వదులైన చోట ఆయన పాత రంపం బ్లేడు ముక్క సందులో దోపి తిప్పేవాడు. అటుపక్క నేను కూడా అట్లాగే బ్లేడు ముక్క దోపి పట్టుకోవాలి. ఆయన బలమంతా పెట్టి తిప్పితే నా వైపు పానా బోల్టు తల మీద నుంచి జారి, నా చేతిని తీసుకుపోయి ఇనుముకు కొట్టేది. గాజులు పగిలేవి. షెడ్డుకు పోయే ముందు గాజులు తీసి గూట్లో పెట్టడం అలవాటు చేసుకున్నాను. చూసిన ఒక ముసలావిడ ఇదేం అపశకునమని నన్నే కసిరింది.

"గట్టిగ పట్టు" అనేవాడు ఆయన. ఆ రోజుల్లో ఆయన నాతో ఎక్కువసార్లు అన్న మాట అదే.

ఆ దసరాకు మిల్లీమీటర్ల పానాలు కొనక తప్పలేదు. నేను కూడా ఈసారి వైసు మాట ఎత్తలేదు. కొత్త పానాలు వస్తే జారడమైనా తగ్గుతుందని ఆశపడ్డాను. తగ్గింది. కాని అప్పటికే కుడి మణికట్టులో నొప్పి స్థిరపడింది.

అదే కాలంలో మా దిక్కు ఊరూరా సభలు జరిగేవి. మూఢనమ్మకాలు పోవాలని పాటలు పాడేవాళ్ళు. అందులో తప్పేమీ లేదు. మా ఆయన కూడా వెళ్ళి విని వచ్చేవాడు. ఒకసారి వరి కోతల ముందు షెడ్డులో మూడు ట్రాక్టర్లు నిలబడ్డాయి. నేను బయట కూర్చున్నాను. ఆయన కాసేపు ఇటూ అటూ తిరిగి, వచ్చినవాళ్ళందరి ముందూ తల్లిని చూసి గట్టిగా అన్నాడు.

"ఇనుముకు మైలేందమ్మా? ఇనుముకు జిలుము పడ్తది గాని మైల పట్టదు. ఇయ్యాల్టి సంది మా ఇంట్ల గీ బయట కూసునుడు ఖతం. ఏమే, లేసి రా."

ఇంజన్ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక బడిపంతులు అక్కడే ఉన్నాడు. పంతులు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "అమ్మా, మీ ఆయన ఆదర్శం. ఊళ్ళో ఇట్లాంటి మగవాళ్ళు నలుగురుంటే ఆడవాళ్ళ బతుకులు మారిపోతాయి" అన్నాడు. నా బతుకు అప్పుడే మారిపోయింది. చాప చుట్టి మూలన పెట్టి, గాజులు తీసి, వెళ్ళి పానా పట్టుకున్నాను. నడుము లాగుతోంది. పంతులు నన్ను మెచ్చుకుంటూనే ఉన్నాడు.

మా అత్త ఊరుకోలేదు. పూజకు పెట్టిన ఇనుము అంది, అరిష్టం అంది, అన్నం తినను అంది. ఆయన వినలేదు. సభల్లో విన్న మాటలన్నీ తల్లి మీద ప్రయోగించాడు. నాకు లోపల మా అత్త పక్షానే ఉండాలనిపించింది. 'అత్తా, ఇంకో రెండు మాటలు గట్టిగ అను' అని మనసులో అనుకున్నాను. పైకి ఎట్లా అనను? బయట కూర్చోబెట్టమని ఏ ఆడది అడుగుతుంది? అడిగితే తెలివి లేనిదాన్నవుతాను. మైల లేదన్నది నిజమే. నాకూ తెలుసు లేదని. కాని మైలతో పాటు నా మూడు రోజులు కూడా ఎగిరిపోయాయి. ఎలుకకు భయపడి ఇల్లు తగలబెట్టినట్టయిందని చెప్పుకుందామంటే, వినేవాళ్ళకు అక్కడ ఇల్లు ఉన్నట్టే కనబడలేదు.

కొన్నాళ్ళకు అత్త ఆ గొడవ మానేసింది. ఓడిపోయిందనుకున్నాను. ఆయనా అట్లాగే అనుకున్నాడు.

ఎండాకాలం వచ్చింది. ఒక మాపు జొన్నరొట్టె చేస్తున్నాను. పిండి ముద్దను చేత్తో కొట్టి వెడల్పు చేయాలి. కుడి చెయ్యి కొట్టడానికి లేవలేదు. ఎడమ చేత్తో కొడితే రొట్టె ఒక పక్క మందంగా, ఒక పక్క చిరిగి వచ్చింది. అత్త పొయ్యి అవతల కూర్చుని చూస్తోంది. నా చెయ్యి పట్టుకుని మణికట్టు నొక్కింది. నాకు ప్రాణం పోయినంత పనయింది.

"ఎన్నొద్దుల సంది పిల్లా?"

"మస్తు దినాలాయె అత్తా."

ఆవిడ ఆముదం కాచి రాసింది. మిగిలిన రొట్టెలు ఆవిడే చేసింది. ఆయన తిన్నప్పుడు రొట్టె మెత్తగా ఉందన్నాడు గాని ఎవరు చేశారని అడగలేదు.

తెల్లవారి షెడ్డులో ఒక ట్రాక్టరు ఇరుసు ముక్క సరిచేయాల్సి వచ్చింది. దాన్ని తెచ్చిన రైతు గుంజకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. నేను పొయ్యి దగ్గరున్నాను. కేక వినబడింది, "ఏమే, జర రా." నేను లేవబోయాను. అత్త నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. చెంగు నడుముకు దోపుకుని ఆవిడే వెళ్ళింది. వంటింటి వెనక తలుపు లోంచి షెడ్డు కనబడుతుంది. నేను అక్కడే నిలబడ్డాను.

"నువ్వెందుకొచ్చినవమ్మా?" అన్నాడు ఆయన.

"పట్టాలె గద. నేను పడ్త. గా పట్టుకారు ఇటియ్యి."

"నీతోని గాదు. ఆమెను పిలువు."

"ఎందుకు గాదు? ఇనుముకు మైల లేదంటివి. ముసలితనం మాత్రం ఉన్నదా?"

రైతు నవ్వాడు. ఆయన కూడా నవ్వాడు. తల్లి సరదా పడుతోందనుకున్నాడేమో. అత్త తుమ్మ మొద్దు ముందు గొంతుక్కూర్చుని, పట్టుకారుతో ముక్కను అదిమి పట్టింది. ఆయన ఉలి ఆనించి మెల్లగా ఒక దెబ్బ వేశాడు. ముక్క జారింది. ఆవిడ సర్ది మళ్ళీ పట్టింది. "కొట్టెటట్ల కొట్టు" అంది. ఈసారి అసలు దెబ్బ పడింది. గాజులు లేని ఆ సన్నటి చేతులు భుజాల దాకా అదిరాయి. పళ్ళు బిగబట్టడం నాకు ఇక్కడికి కనబడింది. ఇంకో దెబ్బకు సుత్తి ఎత్తాడు. ఎత్తిన సుత్తి దిగలేదు. ఆవిడ చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"ఇడిసిపెట్టమ్మా."

"ఎందుకు? వణకనియ్యి. ఆమె చేతులు ఎన్నడన్న సూసినవా?"

రైతు బీడీ పారేసి అటు తిరిగాడు.

"మైలదేముందిరా, నాకు తెల్వదనుకున్నవా?" అంది అత్త. గొంతు పెంచలేదు. "మా అత్తమ్మ నన్ను బయట కూసోబెట్టకుంటె నా నడుము ఎప్పుడో ఇరుగు. నాట్లు, కలుపు, వంట, పిల్లలు. ఎవ్వలన్న కూసోమన్నరా? నెలకు మూడొద్దులు, గంతే. గవి గూడ నువ్వు గుంజుకుంటివి. మంచిది, బయట కూసునుడు వద్దు. మరి ఆమె కూసునేదెప్పుడో గది జెప్పు."

అన్నాళ్ళూ ఆవిడ కొట్లాడింది అమ్మవారి కోసం అనుకున్నాను.

ఆయన సుత్తి కింద పెట్టాడు. కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని, రైతుతో రేపు రమ్మని చెప్పి, సూర్యాపేట బస్సెక్కాడు. దసరా ఇంకా చాలా దూరం ఉంది. సందెకు గోనెసంచిలో వైసు మోసుకుని వచ్చాడు. ఈసారి ఎంచిచూసిన ఆనవాలు ఏమీ లేదు. దవడల మీద దుమ్ము కూడా తుడవలేదు. మర్నాడు పొద్దున్నే తలుపు రెక్క బల్లకు కింద ఇంకో చెక్క వేసి బోల్టులు బిగించాడు. పసుపు లేదు, కుంకుమ లేదు. ఇరుసు ముక్కను అందులో పెట్టి పిడి తిప్పి, తల్లిని పిలిచాడు.

"అమ్మా, సూడు. ఇగ ఎవ్వలు పట్టనక్కర లేదు."

అత్త వెళ్ళలేదు. తనకు పనుందంది.

నాకు సంతోషం కలగాలి. ఏళ్ళ తరబడి అడిగిన సామాను ఇంటికొచ్చింది. కాని నాకు ఏడుపు వచ్చింది. తల్లి చేతులు ఒక్క పొద్దు వణికితే ఆయన పండుగ దాకా ఆగలేకపోయాడు. నావి వణికినప్పుడు గట్టిగ పట్టు అన్నాడు. చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. నా చేతులు ఆయనకు ఎప్పుడూ చేతుల్లా కనబడలేదు, అంతే. మంచి సామాను చేతికి అలవాటైతే దాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూడరు.

కాసేపటికి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏదో అనాలని వచ్చాడు. నా మణికట్టుకు కట్టిన గుడ్డను చూశాడు.

"ఇగ నువ్వు షెడ్డుకు రానక్కర లేదు" అన్నాడు.

"మంచిది" అన్నాను.

వెనక షెడ్డులో ఆకురాయి చప్పుడు మొదలైంది. చాప తీసుకుని అరుగు మీద పరుచుకున్నాను. దారిన పోయే ఒకామె చూసి, బయటున్నవా అని అడిగింది. లేదన్నాను. మంచి రోజుల్లోనే, పట్టపగలు, ఏ మిషా లేకుండా పడుకున్నాను.